తోడల్లుడి రేటు మీద ఒక్క రూపాయి

మా మామగారు ఇద్దరు కూతుళ్ళకూ పసుపు కుంకుమ కింద చెరో రెండెకరాలు రాసిచ్చారు. పర్చూరు దగ్గర నల్లరేగడి నేల. రెండు ముక్కలకూ మధ్య ఒకటే గట్టు. ఆ గట్టు మీద నిలబడి ఎడమకు చూస్తే నా మిరప తోట, కుడికి చూస్తే మా తోడల్లుడి మిరప తోట. నేను ఎడమకు చూసిన గుర్తు లేదు.

ఒకే కొట్లో కొన్న విత్తనం, ఒకే బోరు నీళ్ళు, ఒకే ముఠా కూలీలు. అయినా అతని మొక్క నా నడుము దాకా వచ్చేది, నా మొక్క మోకాలి దగ్గర ఆగి ఆలోచించేది. అతని కాయ మూరెడుండేది, నాది చిటికెన వేలంత. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ నమ్మలేదు. పొలానికొచ్చి టేపు పెట్టి కొలిచింది. రెండూ ఒకటే అంది. టేపు వాళ్ళింట్లోంచి తెచ్చిందని తెలిశాక ఆ కొలత నేను లెక్కలోకి తీసుకోలేదు.

అతనికి అద్దంకిలో పురుగుమందుల కొట్టుంది. నాకు గుంటూరులో ఫ్లెక్సీలు వేసే కొట్టుంది. పుట్టినరోజు కుర్రాడి మొహాన్ని ఇరవై అడుగులు చేసి నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టడం నా వృత్తి. అలవాటైపోయి, ఉన్నదాన్ని ఉన్నంతలో చూడడం నాకు చేతకాదు. అత్తారింట్లో నేను పెద్దల్లుణ్ణి. చిన్నల్లుడు వచ్చేదాకా ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాద మహారాజులకు జరగలేదు. అతనొచ్చిన మొదటి పూటే నా విస్తట్లో గారెకు చిల్లు పెద్దదైంది. అతని గారెకు చిల్లుందో లేదో భూతద్దం పెట్టి వెతకాలి. చిల్లు ఎంత పెరిగితే పిండి అంత తగ్గుతుందన్న సంగతి మా అత్తగారికి తెలియదనుకోను.

అక్కడి నుంచి మొదలైంది. అతను రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నాడని తెలిసిన వారంలోనే మా ఇంటికి మూడు తలుపులది వచ్చింది. మూడో తలుపు దేనికో ఇప్పటికీ తెలియదు, అందులో ఒక అల్లం ముక్క కాపురముంటోంది. అతని టీవీ గోడకు సరిపోయింది. నా టీవీకి గోడ సరిపోలేదు. అందులో వార్తలు చదివే అమ్మాయి ఎడమ చెవి చూసి కుడి చెవి దాకా వెళ్ళేలోపు దేశంలో ప్రభుత్వాలు మారేవి. అతను ఊటీ అంటే నేను కాశ్మీరు. అతను సోఫా అంటే నేను ఊగే సోఫా. అన్నీ నా రెండు క్రెడిట్ కార్డులు గీసి కొన్నవే. నెలనెలా బిల్లు వచ్చేది. అందులో ఒక పెద్ద అంకె, ఒక చిన్న అంకె ఉండేవి. ప్రస్తుతానికి చిన్నది కడితే చాలని వాళ్ళే రాసేవాళ్ళు. అంత మర్యాదగా చెప్పేవాళ్ళ మాట కాదనడం మా వంశంలో లేదు.

గుట్టు చీరాలలో రట్టయింది. రెండు కుటుంబాలం కలిసి ఓ నేత చీరల కొట్టుకి వెళ్ళాం. అతను తన భార్యకు ఆరు వేల చీర తీశాడు. వద్దు వద్దని మా ఆవిడ మోచేత్తో పొడుస్తున్నా నేను తొమ్మిది వేలది తీయించాను. కొట్టాయన నా కార్డు మిషన్లో పెట్టాడు. మిషన్ కుయ్యిమంది. రెండో కార్డు పెట్టాడు. అది మొదటిదానికంటే గట్టిగా అరిచింది. ఆ అరుపుకి వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు చేతులాపి ఇటు తిరిగి ఉంటారు.

"లిమిట్ అయిపోయిందంటోందండీ" అన్నాడు కొట్టాయన, వీధి చివరిదాకా వినపడేట్టు.

"మిషన్లకేం తెలుసు! ఉండన్నయ్యా, నేను కొడతాగా" అన్నాడు మా తోడల్లుడు. జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. ఆ ఫోన్ 'టింగ్'మంది. నా జీవితంలో అంత అసహ్యమైన సంగీతం నేను వినలేదు.

తిరుగు బస్సులో, పొన్నూరు దగ్గర మా ఆవిడ నోరు తెరిచింది.

"రెండు కార్డుల మీదా కలిపి ఎంత?"

"మూడు... మూడున్నర... పైన ఓ పది."

"వేలా?"

నేను కిటికీలోంచి వరి పొలాలు చూశాను. పచ్చగా, ఏ బాకీ లేనట్టు ఉన్నాయి.

"లక్షలా!" అందావిడ. "వడ్డీ ఎంత?"

"మూడున్నర."

"ఏడాదికా?"

"నెలకి."

ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ వెనక్కి తిరిగింది. "మా ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకిచ్చేవాణ్ణి పెళ్ళికి కాదు, చావుకి కూడా పిలవరమ్మా" అంది. "మూడున్నరకి తెచ్చింది ఎవరు తల్లీ?"

మా ఆవిడ నన్ను చూపించింది. ఆ పెద్దావిడ గుంటూరు వచ్చేదాకా ముందుకు తిరగలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ అటక మీంచి ఓ సంచీ దించింది. ఏళ్ళ తరబడి మా ఇంటికొచ్చిన శుభలేఖల కవర్లు, పసుపు రాసిన మూలలతో సహా దాచిపెట్టింది. ఒక్కో కవరు వెనకాల ఒక్కో ఖర్చు పేరు రాసింది. పాలు, కరెంటు, గ్యాస్, కూరలు, అమ్మాయి కాలేజీ ఫీజు, మందులు. నెల మొదట్లో కొట్టు మీద వచ్చిందంతా ఆవిడ చేతిలో పెట్టాలి. ముందు ముప్ఫై వేలు 'కార్డు' కవర్లోకి. మిగిలింది మిగతా వాటికి. ఏ కవరు ఖాళీ అయితే ఆ ఖర్చు ఆ నెలకు చచ్చినట్టే. ఒక కవర్లోంచి ఇంకో కవర్లోకి రూపాయి దూకకూడదు. అన్నిటికంటే ముందు చీరాల చీర డబ్బు తన మరిదిగారికి, అంటే మా తోడల్లుడికి, పంపించేసింది.

నాకు దక్కింది పెట్రోలు కవరు. అది మా తోడల్లుడి గృహప్రవేశం శుభలేఖది. కవరు మీద మూడంతస్తుల ఇంటి బొమ్మ బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది. బండిలో లీటరు పోయించుకోవాలన్నా ముందు ఆ ఇంటి దర్శనం చేసుకోవాలి. ఇది యాదృచ్ఛికం అని మా ఆవిడ ఈనాటికీ అంటుంది.

ఆ కవర్ల పాలనలో మా ఇల్లు ఎలా నడిచిందో చెబితే నమ్మరు. బిరియానీ ఆదివారం నుంచి పండక్కి, పండగ నుంచి పురాణాల్లోకి వెళ్ళిపోయింది. గోంగూర, పప్పుచారు, మళ్ళీ గోంగూర. నన్ను కోస్తే రక్తం బదులు పులుసు వచ్చేది. కేబుల్ తీసేయించాం కాబట్టి టీవీ నల్లగా నిలబడింది. అమ్మేద్దామని చూస్తే గుమ్మంలోంచి బయటికి రాలేదు, లోపలికెలా వచ్చిందో తెచ్చినవాళ్ళకే తెలియాలి. నేను దాని ముందు నిలబడి గడ్డం గీసుకునేవాణ్ణి. గుంటూరులో ఏ సెలూన్లోనూ అంత అద్దం లేదు.

చివరికి కవర్ల మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది. పాల కవరు నెలాఖరుకి కూడా బొద్దుగా ఉండేది. నా పెట్రోలు కవరు పదో తారీఖుకే ఏకాదశి ఉపవాసం. "పాలకి అంత దేనికి?" అని అడిగాను. "పాలు పక్క ఊరి పాలతో పోటీకి పోవండీ" అందావిడ.

అసలు మంట అది కాదు. మా వైపు మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటాం. రేటు లేనప్పుడు బస్తాలు ఏసీలో పెట్టి, రేటు వచ్చాక తీసి అమ్ముతాం. మేం బస్తా అనం, టిక్కీ అంటాం. ఆ ఏడు కోతలయ్యాక సగం సరుకు కూలీలకీ మందులకీ అమ్మేశాను. ఆ మందుల కొట్టు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. మిగిలిన నలభై అయిదు టిక్కీలు చేతిలో ఉండగా తోడల్లుడు ఫోన్ చేశాడు.

"మొత్తం కొట్టేశానన్నయ్యా. క్వింటా పదహారు వేలు. నువ్వూ అమ్మెయ్. ఇంతకంటే రాదు."

మంచి సలహా. అతను ఇవ్వకపోతే పాటించేవాణ్ణే. అతను పదహారుకి అమ్మితే నేనూ పదహారుకి అమ్మి, గట్టుకి ఇటుపక్కా అటుపక్కా ఒకే రేటని ఊరంతా అనుకుంటే ఇక పెద్దల్లుడెందుకు? సరుకంతా ఏసీలో పెట్టించాను. అతని రేటు మీద ఒక్క రూపాయి ఎక్కువ వచ్చేదాకా కదిలించేది లేదని తీర్మానించుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. కరెంటు కవరు కాపాడడం కోసం ఇంట్లో ఏసీ ఆపేయించింది మా ఆవిడ. గుంటూరు ఎండ సంగతి మీకు తెలుసు. ఆ మేలో చెంబెత్తి నీళ్ళు తాగితే పొట్టలోకి చేరేలోపు కషాయమయ్యేవి. గోడ మీది బల్లి కూడా చెమటకి జారి పడింది. మధ్యాహ్నం పూట తడిగుడ్డ కప్పుకుని ఫ్యాను కింద పడుకుని, ఊళ్ళో ఎక్కడో చల్లటి గదిలో వరసగా పడుకున్న నా నలభై అయిదు టిక్కీలను తలుచుకునేవాణ్ణి. వాటికి అద్దె కూడా నేనే కడుతున్నాను. మనిషన్నవాడు మిరపకాయ మీద అసూయపడిన చరిత్ర ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. నేను పడ్డాను.

రేటు మాత్రం రాలేదు. పదిహేనయింది, పద్నాలుగయింది. నా సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్టు గుమాస్తా ఫోన్ చేసి, "ఇచ్చేద్దామంటారా అండీ?" అని అడిగినప్పుడల్లా, "చూద్దాం" అనేవాణ్ణి. కవర్లు నెలకు ముప్ఫై వేలు కక్కుతుంటే, అందులో సగం దాకా వడ్డీయే నమిలేసేది. వర్షాకాలం వెళ్ళేసరికి బాకీ రెండున్నర లక్షలకు దిగి, ఇక దిగనని మొండికేసింది.

ఓ రోజు కూరలు తరుగుతూ మా ఆవిడ అడిగింది.

"ఆ టిక్కీలు అమ్మితే కార్డు దాదాపు తీరిపోతుంది కదండీ."

"రేటు రావాలి."

"ఎంత రావాలి?"

"పదహారు వేల ఒక్క రూపాయి."

ఆవిడ కత్తిపీట ఆపింది. ఆ ఒక్క రూపాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"సరే. దసరాలోగా అవి అమ్మండి. లేకపోతే నేనే మరిదిగారికి ఫోన్ చేసి రెండున్నర లక్షలు చేబదులు అడుగుతాను. వడ్డీ లేకుండా ఇస్తారు. పాపం, మంచివాడు."

వంకాయ ముక్కలు నీళ్ళలో పడ్డ చప్పుడు పిడుగుల్లా వినిపించింది. అతని రేటుకి తక్కువగా అమ్ముకోవడం ఒక నరకం. అతని డబ్బుతో బాకీ తీర్చుకుని, జీవితాంతం అత్తారింట్లో చిల్లు తప్ప గారె లేని గారె తినడం ఇంకో నరకం. రెండిటికీ మధ్య సందు ఉందేమోనని వెతికాను. టీ మానేశాను. కొట్టుకి నడిచి వెళ్ళాను. చెప్పులు అరిగి, అరిగి, చివరికి నేను రోడ్డు మీద నడిచేవాణ్ణి, చెప్పులు నా ఊహలో నడిచేవి. నెలాఖరుకి అదంతా కలిపితే వడ్డీకి వడ్డీ కూడా రాలేదు.

దసరా ముందు వారం ఇద్దరం మిర్చి యార్డు దగ్గరున్న కమీషన్ కొట్టుకి వెళ్ళాం. అక్కడి గాలి పీలిస్తే పీలిచినవాడు తుమ్మడు, అతని తాతలు తుమ్ముతారు. మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గుమాస్తా ఏసీలోంచి శాంపిల్ తెప్పించి రాశి పోశాడు. ఎగుమతి వ్యాపారి ఒకాయన గుప్పెడు కాయలు తీసి, విరిచి, ఊపి, గింజల చప్పుడు విని పెదవి విరిచాడు.

"రంగు దిగింది."

"రంగు దిగడమా! ఈ కాయ ముందు సూర్యుడు తెల్లబోతాడండీ."

"ఎంతకిస్తారు?"

"పదహారు వేల ఒక్క రూపాయి."

ఆయన పగలబడి నవ్వబోయి తుమ్మాడు, తుమ్మబోయి నవ్వాడు. హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు.

"ఆ రూపాయి ఏందండీ మధ్యలో?"

"అది మా కుటుంబ విషయం."

"పన్నెండు వేల నాలుగొందలు. కావాలంటే ఇవ్వండి, లేకపోతే మళ్ళీ లోపల పెట్టుకుని దుప్పటి కప్పండి."

"పండగ పోతే ఇంకా దిగుద్దండీ" అన్నాడు గుమాస్తా నా చెవిలో.

నేను మీసం దువ్వాను. ఆకాశం చూశాను. పక్క రాశి చూశాను, అది నా రాశికంటే ఎర్రగా కనిపించింది. తిరిగి చూసేసరికి మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళతో, ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఉంది. ఫోన్ తెర మీద మరిదిగారి ఫొటో. బొటనవేలు పైన గాల్లో ఆగి ఉంది.

"చెయ్యమంటారా?"

"కాటా వెయ్యండి!" అని అరిచాను. ఆ అరుపు నాదేనని కాసేపటిదాకా నాకే తెలియలేదు.

కమీషనూ, హమాలీ, ఏసీ అద్దె పోగా రెండు లక్షల చిల్లర చేతికొచ్చింది. ఇంకా నలభై వేలు తక్కువ. ఇంటికొచ్చి మా ఆవిడ కవర్లన్నీ మంచం మీద బోర్లించింది. కార్డు కవర్లో ఆ నెల ముప్ఫై వేలున్నాయి. కూరల కవర్లోంచి, మందుల కవర్లోంచి, గ్యాస్ కవర్లోంచి నోట్లు రాలాయి. పాల కవరు అన్నిటికంటే ఎక్కువ రాల్చింది. పెట్రోలు కవరు దులిపితే మూడంతస్తుల ఇల్లు, పెట్రోలు బంకు రసీదు ఒకటి. ఎలాగైతేనేం, సరిపోయింది. కట్టేశాం. రెండు కార్డుల మీదా సున్న. నేను వేసిన ఏ ఫ్లెక్సీ మీదా అంత పెద్ద సున్న చూడలేదు. మా ఆవిడ కత్తెర తెచ్చి రెండు కార్డులూ నాలుగేసి ముక్కలు చేసింది. ఒక ముక్క సోఫా కిందికి ఎగిరిపడితే వంగి వెతికి మరీ తెచ్చి చెత్తలో వేసింది, నా మీద అంత నమ్మకం.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. చెల్లెలికి ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టి.

"పన్నెండు వేల నాలుగొందలకి అమ్మేశామే. కార్డు బాకీ మొత్తం తీరిపోయింది."

నేను చేతులు అడ్డం పెడుతూనే ఉన్నాను. అవతల ఫోన్ చేతులు మారింది.

"అయ్యో అన్నయ్యా!" అన్నాడు తోడల్లుడు. ఆ 'అయ్యో' అద్దంకి నుంచి బయల్దేరి నా గుండెలో దిగబడింది. "పన్నెండున్నరకి తక్కువా? ఆరోజే చెప్పాను గదా అన్నయ్యా. పోన్లే, మనసు కష్టపెట్టుకోకు. ఒక్కోసారి అంతే."

"మనసు బాగానే ఉంది మరిదిగారూ" అంది మా ఆవిడ. "మీ కార్డు మీద ఎంతుంది?"

అద్దంకిలో పక్షులు సైతం కూత ఆపాయి.

"హలో? వదినా? ఇక్కడ సిగ్నల్..."

"సిగ్నల్ బానే ఉందండీ" అని వెనకాల నుంచి మా మరదలి గొంతు. "అక్కా, మాకు అయిదు దాటింది. ఆ కవర్ల సంగతేంటో నాకు కూడా చెప్పవే."

ఫోన్ కట్టయింది. అయిదు! నాకంటే లక్షన్నర ఎక్కువ. అందులో కూడా నన్ను దాటాడన్నమాట, అనుకుని ఒక్క క్షణం చివుక్కుమంది. తర్వాత తేరుకున్నాను. ఆ సాయంత్రం నేను నాలుగడుగులు పెరిగి, హాల్లో పచార్లు చేస్తుంటే ఫ్యాను రెక్కలు తలకి తగిలాయి. గోంగూర పచ్చడి అమృతంలా ఉంది. మా అత్తగారి గారెలన్నిటికీ చిల్లులు పూడిపోయినట్టే అనిపించింది.

ఆ వైభోగం విజయదశమి పొద్దుటిదాకా నడిచింది. పొద్దున్నే కుటుంబం గ్రూపులో ఫొటో వచ్చింది. తెల్ల కారు. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన నవ్వుతూ తోడల్లుడు. అయిదు లక్షల బాకీ నెత్తిన పెట్టుకుని అంత తెల్లగా ఎలా నవ్వగలడో నాకర్థం కాలేదు. చెయ్యి దానంతటదే పర్సులోకి వెళ్ళింది. అక్కడేం లేదు. కార్డులుండే చోట అట్టపెట్టెలా గట్టిపడిన తోలు తగిలింది.

"చూశావా?" అని ఫోన్ మా ఆవిడకు చూపించాను.

"చూశాను. బాగుంది."

"అంతేనా?"

"ఇంకేం చెయ్యమంటారు?" అంది. నా మొహం చూసింది. నా మొహం అప్పుడు యార్డులోని రాశి రంగులో ఉండి ఉంటుంది. ఏమనుకుందో, కూరల కవర్లోంచి వంద నోటు తీసి చేతిలో పెట్టింది. "వెళ్ళి వేడిగా ఏమన్నా తినిరండి. నడిచే వెళ్ళండి."

వీధి చివర బండి దగ్గర బజ్జీలు వేయించుకున్నాను. ఆయన కాగితంలో పెట్టి ఉల్లిపాయ చల్లి ఇచ్చాడు. ఓ పక్కన నిలబడి, బజ్జీ కొరుకుతూ, నూనె వేళ్ళతో ఆ కారు ఫొటోని పెద్దది చేశాను. తలుపు దగ్గర చూశాను. అద్దాల దగ్గర చూశాను. ఇంకా పెద్దది చేశాను. ముందు చక్రం పైన సన్నగా గీత లాంటిది కనిపించింది. గీతో, నూనె మరకో తేల్చుకోవడానికి తెర చొక్కాకి తుడిచి, ఇంకో బజ్జీ చెప్పాను.